పాపం బ్రూనో! మరి ష్మూల్?

ఏడిపించే పుస్తకం అంటే మన ఆడవాళ్ళకి ఓ ప్రత్యేకమైన గౌరవం. "చదువుతుంటే కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదనుకోండి" అని ఒకరంటే చాలు, ఆ పుస్తకం ఇంటింటికీ తిరిగి, అట్ట ఊడి, ఆఖరికి ఎవరింట్లో ఆగిపోయిందో తెలియకుండా పోతుంది. కన్నీళ్ళని నేను తక్కువ చెయ్యను. మంచి కథ చదివి కళ్ళు తుడుచుకున్న మనిషి ఆ పూటకైనా కాస్త మెత్తబడుతుంది. కాని ఏడవడం అయిపోయాక, మొహం కడుక్కుని, కాఫీ తాగి, ఓ చిన్న ప్రశ్న వేసుకోవడం మంచిదని నా ఉద్దేశం. ఇంతకీ మనం ఎవరి కోసం ఏడ్చినట్టు?

అన్ని పుస్తకాలకీ ఈ ప్రశ్న అక్కర్లేదు. హిట్లర్ కాలంలో జరిగిన యూదుల మారణహోమం గురించి పిల్లల కోసం రాసిన నవలలకి మాత్రం తప్పకుండా కావాలి. అప్పట్లో నాజీలూ, వాళ్ళకి తోడు నిలిచినవాళ్ళూ కలిసి చంపిన యూదులు సుమారు 60 లక్షల మంది. అందులో పిల్లలే దాదాపు 15 లక్షలు. ఇంతేసి అంకెలు వింటే మనసు మొద్దుబారిపోతుంది గాని కరగదు. అంచేత రచయితలు ఓ ఉపాయం ఆలోచించారు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని, ఒకరు యూదు ఇంటి బిడ్డ, ఒకరు కాదు అనుకుని, ఇద్దరికీ స్నేహం కలిపి ఆ కథ చెప్పడం. మంచి ఉపాయమే. కాని కత్తిపీట లాంటిది. కూరా తరుగుతుంది, ఏమరుపాటుగా ఉంటే వేలూ తెగుతుంది.

ఈ తరహా కథల్లో ఎక్కువమంది చేతుల్లో కనబడేది జాన్ బోయిన్ అనే ఐర్లండు రచయిత 2006లో ప్రచురించిన 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజమాస్'. చారల పైజమా వేసుకున్న కుర్రాడు అన్నమాట. 2008లో సినిమాగా కూడా వచ్చింది. చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను.

బ్రూనో బెర్లిన్ నగరంలో పెద్ద మేడలో పెరుగుతున్న తొమ్మిదేళ్ళ పిల్లాడు. తండ్రి సైన్యంలో పెద్ద ఆఫీసరు. ఓ రోజు హిట్లర్ అంతటివాడు వాళ్ళింటికి భోజనానికి వచ్చి వెళతాడు. ఆ తరవాత తండ్రికి పెద్ద పదవి వస్తుంది, కాపురం ఎత్తేసి పోలండు వెళ్ళాల్సొస్తుంది. ఆ ఊరి పేరు బ్రూనోకి నోరు తిరగదు. 'అవుట్-విత్' అంటుంటాడు. అసలు పేరు ఆష్విట్స్. తండ్రి అక్కడి నిర్బంధ శిబిరానికి కమాండెంటు. ఆడుకోవడానికి తోడు లేక విసిగిపోయిన పిల్లాడు ఓ మధ్యాహ్నం కంచె వెంబడే నడుచుకుంటూ వెళ్ళి, అవతల నేలమీద కూచున్న ష్మూల్ అనే యూదు పిల్లాణ్ణి చూస్తాడు. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1934 ఏప్రిల్ 15న. రోజూ మధ్యాహ్నం కబుర్లు, మధ్యన కంచె. ఆఖరికి ష్మూల్ తండ్రి కనబడకుండా పోతే వెతకడానికి సాయం చేస్తానని, బ్రూనో తనూ ఓ చారల పైజమా తొడుక్కుని కంచె కిందనించి అవతలికి దూరతాడు. ఇంతలో సైనికులు చుట్టుముడతారు. గుంపుతోపాటు ఇద్దర్నీ ఓ గదిలోకి తోలి తలుపులు మూసేస్తారు. చీకట్లో బ్రూనో ష్మూల్ చెయ్యి వదలకుండా పట్టుకుంటాడు.

గొంతులో ముద్ద అడ్డం పడినట్టవుతుంది. నాకూ అయింది. చెయ్యి తిరిగిన రచయిత, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు.

మా మనవరాలికి పదకొండేళ్ళు. ఈ పుస్తకం చదివి, మూసి ఒళ్ళో పెట్టుకుని, "పాపం బ్రూనో! వాడు యూదుడు కాదు కదమ్మమ్మా, వాణ్ణెందుకు చంపేశారూ?" అంది.

పిల్లని తప్పు పట్టడానికేం లేదు. పుస్తకం ఎక్కడ ఏడవమంటే అక్కడే ఏడ్చింది. కాని ఆ ప్రశ్నని కాస్త తిరగేసి చూడండి. యూదుడు కాని పిల్లాణ్ణి చంపడం అన్యాయం అయినప్పుడు, యూదు పిల్లాడి చావేమిటి? అది మామూలేనా? పుస్తకంలో ఎక్కడా అలా రాసి లేదు. కథ నడిపిన తీరులో మాత్రం ఆ అర్థం చల్లగా దూరిపోయింది. ష్మూల్ ఎలాగూ పోయేవాడే అన్నట్టూ, బ్రూనో మాత్రం పొరపాటున పోయాడన్నట్టూ కథ అల్లుకుంది. మన దుఃఖమంతా ఆ 'పొరపాటున' అన్న మాట చుట్టూ తిరుగుతోంది.

ఆఖరి అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. అది ఎవరి గురించి? బ్రూనో కనబడక తల్లడిల్లే తల్లి గురించి, బెర్లిన్ వెళ్ళాక గదిలో కూచుని ఏడ్చే అక్క గురించి, కంచె దగ్గర నిలబడి జరిగిందేమిటో ఊహించుకుని కూలబడే తండ్రి గురించి. మరి ష్మూల్? వాడి తల్లిని వాడి నించి ఎప్పుడో విడదీసేశారు. తండ్రీ తాతా కనబడకుండా పోయారు. వాడి కోసం ఒక్క మనిషి వెతకడు, పుస్తకమూ వెతకదు. ష్మూల్ ఇంట్లో తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. తను కానుకగా ఇచ్చిన వాచీకి పిల్లాడు రోజూ రాత్రి కీ ఇచ్చుకునేవాడు, దాన్ని లాక్కుపోయేవరకూ. ఎంత చక్కటి వివరం! ఇలాంటివి ఇంకో నాలుగు చెబితే ష్మూల్ మన పక్కింటి పిల్లాడయ్యేవాడు. చెప్పలేదు. బ్రూనోకి బెర్లిన్ ఇల్లు ఎన్ని అంతస్తులో, ఈ ఇల్లు ఎన్ని అంతస్తులో మాత్రం మనకి బాగా తెలుసు. ఆకలితో ఉన్న స్నేహితుడి కోసం జేబులో పెట్టుకున్న రొట్టె దారిలో తనే కొరుక్కు తింటూ పోతాడు బ్రూనో. అదీ అమాయకత్వం కిందనే జమ అయిపోతుంది!

ఇక అసలు సంగతి, ఆ అమాయకత్వం. బ్రూనోకి యూదులంటే ఎవరో తెలియదు. 'హైల్ హిట్లర్' అంటే మర్యాదగా సెలవు పుచ్చుకునే మాట కాబోలు అనుకుంటాడు. 1943 నాటికి తొమ్మిదేళ్ళు నిండిన బెర్లిన్ పిల్లాడికి ఇది సాధ్యమా? వాడు పుట్టేసరికే హిట్లర్ గద్దెనెక్కి ఏడాది దాటింది. బళ్ళో రోజూ చెయ్యి చాచి ఆ నమస్కారం పెట్టవలసిందే. 1938 నవంబరులో యూదు పిల్లల్ని జర్మన్ బళ్ళలోంచి వెళ్ళగొట్టారు. 1941 సెప్టెంబరు నించి ఆరేళ్ళు నిండిన ప్రతి యూదూ బట్టలమీద పసుపు నక్షత్రం కుట్టుకుని తిరగాలని చట్టం. అదే ఏడాది అక్టోబరు నించి బెర్లిన్ యూదుల్ని రైళ్ళకెక్కించి పంపేయడం మొదలైంది. పదేళ్ళు నిండితే మొగపిల్లలు హిట్లర్ బాలల దళంలో చేరి తీరాలి. ఇన్నింటి మధ్య, అందులోనూ పెద్ద ఆఫీసరు కొడుక్కి, ఏమీ తెలియదంటే ఎలా నమ్మడం?

పిల్లలకి ఏమీ తెలియదనుకోవడం పెద్దవాళ్ళకి అలవాటు. మనిళ్ళలో చూడండి. పనిమనిషికి కాఫీ పోసే గ్లాసు వేరే ఉంటుందనీ, అది గూట్లో ఫలానా మూల ఉంటుందనీ అయిదేళ్ళ పిల్లకి ఎవరైనా పాఠం చెప్పారా? దానంతట అదే నేర్చుకుంటుంది. దాన్నీ దీన్నీ ఒక్క తక్కెడలో తూచడం లేదు నేను. పిల్లలు చూసి నేర్చుకుంటారనే అంటున్నాను. ఆ నేర్చుకోవడమే హిట్లర్ కావాలనుకున్నది. దాని కోసమే అంత డబ్బు, అంత శ్రమ పెట్టాడు. ఆ పాఠం పిల్లలకి అంటనే లేదని రాస్తే, ఆ పాపంలో సగం కప్పిపెట్టినట్టే.

చరిత్ర సంగతికొస్తే, ఆష్విట్స్ కంచెల్లో కరెంటు పారేది. కాపలా బురుజులుండేవి. కింద దూరి వెళ్ళి కబుర్లు చెప్పుకునే చోటు కాదది. అక్కడికి తెచ్చిన పిల్లలు సుమారు 2,32,000 మంది. వాళ్ళలో ఎక్కువమందిని, పని చెయ్యడానికి పనికిరారని, రైలు దిగిన వెంటనే గ్యాస్ గదులకి పంపేశారు. ష్మూల్ లాంటి పిల్లలు కొద్దిమంది బతికి ఉండేవారన్నది నిజమే. కంచె పక్కన తీరిగ్గా కూచునే మధ్యాహ్నాలు మాత్రం వాళ్ళకి లేవు. ఇప్పుడు ఆ శిబిరాన్ని స్మారకంగా కాపాడుతున్న సంస్థే, ఆ చరిత్ర చదివేవాళ్ళూ చెప్పేవాళ్ళూ ఈ పుస్తకాన్ని దూరంగా ఉంచాలని 2020 జనవరిలో బాహాటంగా అనేసింది.

"అయ్యో, అది నీతికథండీ, చరిత్ర పాఠం కాదు" అని అభిమానులు అంటారు. రచయిత కూడా నీతికథ అనే పేరు పెట్టుకున్నాడు. సరే. పంచతంత్రంలో కాకీ నక్కా మాట్లాడితే మనమెవరం తగువు పెట్టుకోం. అక్కడ జంతువులు మాట్లాడడం పైతొడుగు, లోపల ఉన్న లోకం తీరు నిజం. ఇక్కడ తలకిందులైంది. శిబిరమూ కంచే గ్యాస్ గదీ నిజమైనవే, వాటి మధ్య తిరిగే మనుషుల తీరు కల్పన.

అయినా ఈ పుస్తకంలో ఒక్క చోట నిజం తొంగిచూసింది, అది చెప్పకపోతే అన్యాయం. కమాండెంటు ఇంట్లో విందుకి చిన్న చిన్న గ్లాసులు తుడవాలి. సన్నటి వేళ్ళు కావాలి కనక ష్మూల్‌ని వంటింట్లోకి తెస్తారు. బ్రూనో వాడికి కోడిమాంసం ముక్కలు పెడతాడు. ఇంతలో కోట్లర్ అనే సైనికాధికారి వచ్చి, దొంగతనంగా తిన్నావా అని ష్మూల్‌ని నిలదీస్తాడు. ఇతను నా స్నేహితుడండీ, ఇతనే ఇచ్చాడండీ అంటాడు పిల్లాడు. కోట్లర్ బ్రూనో వైపు తిరుగుతాడు. బ్రూనో వణికిపోతూ, వీణ్ణి నేనెన్నడూ చూడలేదనేస్తాడు.

చూశారా, ఆ క్షణంలో బ్రూనో అమాయకుడు కాడు. ఎవరికి భయపడాలో, ఎవరిని వదిలేస్తే తను బయటపడతాడో వాడికి బాగా తెలుసు. అక్కణ్ణించి నడిపిస్తే గొప్ప నవల అయ్యేది. కాని కొద్ది రోజులు తిరిగేసరికి ష్మూల్ కమిలిపోయిన మొహంతో వచ్చి క్షమించేస్తాడు, కంచె కిందనించి చేతులు కలుస్తాయి, కథ మళ్ళీ మెత్తటి దారి పడుతుంది.

బోయిన్ వదిలేసిన ఆ దారిని చివరంటా నడిచిన రచయిత ఒకడున్నాడు. పేరు హాన్స్ పీటర్ రిష్టర్, జర్మన్. ఆయన 'ఫ్రీడ్రిష్' నవల 1961లో వచ్చింది. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. ఒకే వాటాల ఇంట్లో రెండు కుటుంబాలు. వారం తేడాలో ఇద్దరు మొగపిల్లలు పుడతారు, 1925లో. రచయిత పుట్టిందీ ఆ ఏడే. ఫ్రీడ్రిష్ యూదు పిల్లాడు. కథ చెప్పే రెండోవాడికి పుస్తకంలో పేరే లేదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వంటింట్లో బంగాళాదుంప అట్లు తిన్నారు, ఒకే తొట్టిలో నీళ్ళు పోయించుకున్నారు. చదువుతుంటే మన ఇళ్ళే గుర్తొస్తాయి.

తరవాత ఒక్కొక్క మెట్టే దిగుతుంది కథ. ఓసారి రెండోవాడు విసిరిన బంతి తగిలి దుకాణం అద్దం పగులుతుంది. దుకాణం ఆవిడ ఫ్రీడ్రిష్‌నే పట్టుకుంటుంది. విసిరింది నేనండీ అని ఈ పిల్లాడు మొత్తుకున్నా వినదు. నిజం చెప్పినా చెల్లని కాలం వచ్చిందని అంతకంటే తేలిగ్గా ఎలా చెప్పగలం? ఉద్యోగం లేని తండ్రి, ఉద్యోగం కోసమే, నాజీ పార్టీలో చేరతాడు. చెడ్డవాడు కాడు. మీరు దేశం వదిలి వెళ్ళిపోండని ఫ్రీడ్రిష్ తండ్రిని రహస్యంగా హెచ్చరించినవాడూ ఆయనే. 1938లో యూదుల ఇళ్ళమీదా దుకాణాలమీదా దాడులు జరిగిన రోజున, కథ చెప్పే కుర్రాడు గుంపుతోపాటు యూదు కుర్రాళ్ళ వసతి గృహంలోకి వెళతాడు. చేతికి సుత్తి దొరుకుతుంది. దొరికినవన్నీ పగలగొడతాడు, పగలగొడుతుంటే హుషారుగానూ ఉంటుంది. ఇంటికొచ్చేసరికి ఫ్రీడ్రిష్ వాళ్ళ వాటాని ఇంకో గుంపు ధ్వంసం చేస్తోంది. అప్పుడు తల్లితో కలిసి ఏడుస్తాడు. ఆ దెబ్బతో ఫ్రీడ్రిష్ తల్లి ప్రాణం పోతుంది.

ఒక్క రోజులో సుత్తీ, కన్నీళ్ళూ ఒకే పిల్లాడివి! ఇదండీ నాకు నమ్మకం కలిగించిన బాల్యం. 1942లో బాంబులు పడుతున్న రాత్రి, దిక్కులేని ఫ్రీడ్రిష్ ఆ ఇంటి తలదాచుకునే గది తలుపు కొడతాడు. ఇంటివాడు రానివ్వడు. లోపల కూచున్నవాళ్ళలో మన కథకుడూ ఉన్నాడు, వాడి అమ్మా నాన్నా ఉన్నారు. తెల్లారి చూస్తే ఫ్రీడ్రిష్ గుమ్మంలో చచ్చిపడి ఉంటాడు. రచయిత మనల్ని ఏడవమని ఒక్క మాట అనడు. మనకి ఏడుపు కూడా రాదు. లోపలి గదిలో మనమూ కూచున్నట్టు ఒళ్ళు జలదరిస్తుంది, అంతే.

ఫ్రెడ్ ఉల్మన్ 1971లో రాసిన 'రీయూనియన్' కాస్త పెద్ద పిల్లల కథ. ఉల్మన్ జర్మనీలో స్టుట్‌గార్ట్ ఊళ్ళో పుట్టిన యూదుడు, లాయరు, 1933లో దేశం వదిలి వెళ్ళి చిత్రకారుడయ్యాడు. కథా ఆ ఊళ్ళోదే, 1932 నాటిది. డాక్టరు గారబ్బాయి హాన్స్‌కి పదహారేళ్ళు. క్లాసులో కొత్తగా చేరిన కొన్రాడిన్ పెద్ద జమీందారీ వంశం వాడు. ఇద్దరికీ ప్రాణస్నేహం కుదురుతుంది. కొన్రాడిన్ హాన్స్ ఇంటికి వస్తే, తండ్రి డాక్టరుగారు ఆ కుర్రాడి ముందు అతివినయంగా వంగి పలకరిస్తాడు. హాన్స్ తండ్రిని చూసి సిగ్గుతో చచ్చిపోతాడు. కొన్రాడిన్ మాత్రం తన తల్లిదండ్రులు ఊళ్ళో లేనప్పుడే హాన్స్‌ని ఇంటికి పిలుస్తాడు! ఓ రోజు సంగీత నాటకానికి తల్లిదండ్రులతో వచ్చి, ఎదురుగా ఉన్న స్నేహితుణ్ణి ఎరగనట్టు వెళ్ళిపోతాడు. మర్నాడు నిలదీస్తే, మా అమ్మకి యూదులంటే గిట్టదని ఒప్పుకుంటాడు.

ఇక్కడా స్నేహితుణ్ణి ఎరగనట్టు నటించడమే ఉంది. కాని ఉల్మన్ దాన్ని వారంలో మాపేయలేదు. హాన్స్ అమెరికా వెళ్ళి, ముప్ఫయ్యేళ్ళు గడిచాక కూడా ఆ గాయం పచ్చిగానే ఉంటుంది. ఆఖరి వాక్యంలో ఓ సంగతి తెలుస్తుంది. అది నేను చెప్పను. వంద పేజీల చిన్న పుస్తకం, మీరే చదువుకోండి. ఆ ఒక్క వాక్యంతో వెనకటి పేజీలన్నీ మరోలా కనబడతాయి.

అయితే స్నేహం గెలిచిన కథే లేదా అంటారేమో. ఉంది. అమెరికన్ రచయిత్రి లోయిస్ లోరీ 1989లో రాసిన 'నంబర్ ద స్టార్స్'. జర్మన్లు ఆక్రమించిన డెన్మార్కులో, 1943లో, పదేళ్ళ ఆన్‌మరీ ఇంట్లో యూదు స్నేహితురాలు ఎలెన్ తలదాచుకుంటుంది. అర్ధరాత్రి సైనికులు వస్తారు. ఎలెన్ మెడలో యూదుల నక్షత్రం ఉన్న గొలుసు. కొక్కెం ఊడి రాదు. ఆన్‌మరీ పుటుక్కున లాగి తెంపి, గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది. సైనికులు వెళ్ళాక చూస్తే ఆ నక్షత్రం ఈ పిల్ల అరిచేతిలో అచ్చుపడి ఉంటుంది. పదేళ్ళ పిల్లకి భయం తెలుసు, ప్రమాదం తెలుసు, తెలిసే గుప్పిట మూసింది. కథ కల్పనే అయినా దాని వెనక ఉన్నది జరిగిన చరిత్ర. ఆ ఏడు అక్టోబరులో డెన్మార్కు ప్రజలు 7 వేల మందికి పైగా యూదుల్ని పడవల్లో దాటించి స్వీడన్ చేర్చారు.

ఈ మూడు పుస్తకాలూ పక్కన పెట్టుకున్నాకే బ్రూనో కథలో వెలితి నాకు స్పష్టంగా కనబడింది. పిల్లల మంచితనం వాళ్ళకి తెలియనితనంలో ఉందని బోయిన్ అనుకున్నాడు. తెలిశాక ఏం చేశారన్నదే ఈ ముగ్గురూ చూశారు. ఒకడు సుత్తి పట్టాడు, ఒకడు మొహం తిప్పుకున్నాడు, ఒక పిల్ల గుప్పిట మూసింది. ఏమీ తెలియని బ్రూనోని చూసి మన పిల్లలు జాలిపడి ఊరుకుంటారు. ఈ ముగ్గుర్ని చూస్తే, నేనయితే ఏం చేసేదాన్ని, నేనయితే ఏం చేసేవాణ్ణి అని ఆలోచనలో పడతారు.

అంచేత తల్లులకి నేను చెప్పేది ఇంతే. పదేళ్ళ పిల్లలకి ముందు ఆన్‌మరీ కథ ఇవ్వండి. మరో రెండు మూడేళ్ళు పోయాక ఫ్రీడ్రిష్‌ని ఇవ్వండి, ఇచ్చి మీరూ పక్కన కూచుని చదవండి. హైస్కూలు దాటేవేళకి హాన్స్, కొన్రాడిన్ ఎలాగూ నచ్చుతారు. చారల పైజమా పుస్తకం ఇంట్లో ఉంటే దాచెయ్యక్కర్లేదు, పిల్లలు ఏడిస్తే వారించనూ అక్కర్లేదు. కళ్ళు తుడుచుకున్నాక మాత్రం ఒక్క మాట అడగండి: "బ్రూనోని వాళ్ళమ్మ వెతికింది, నాన్న వెతికాడు. మరి ష్మూల్‌ని ఎవరు వెతికారమ్మా?"

మా పిల్ల కాసేపు ఆలోచించి, పుస్తకం మళ్ళీ తీసుకుని ఆఖరి పేజీలు తిరగేసింది. దొరకలేదు.